ఆరో పాటలో రేణుకమ్మ

"ఖాళీ బెల్టు" అనే ఆల్బమ్‌ని నేను మొదటిసారి కోపంగా విన్నాను, చివరిసారీ కోపంగానే విన్నాను. మధ్యలో ఒక వారం నాకది నచ్చింది. ఆ సంగతీ చెబుతాను, దాచుకోవడానికేముంది.

దాన్ని ఇంట్లోకి తెచ్చింది మా అమ్మాయి మృదుల. ఇంజనీరింగ్ చదువుతోంది. చదువుతోందని నా నమ్మకం. ఒక ఆదివారం నేను వంటింట్లో తాలింపు వేస్తుంటే హాల్లో స్పీకరు పెట్టింది. ముందు విమానం గోల. మేముండేది శంషాబాద్‌లో, నెత్తి మీద విమానాలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి బయటిదే అనుకున్నాను. ఎంతకీ ఆగదు. తీరా చూస్తే అది పాటలో భాగమట. తర్వాత గిటారు. ఆ తర్వాత ఎవరో కుర్రాడు, పంటి నొప్పితో బాధపడేవాడిలా సగం నోరు తెరిచి పాడటం.

"ఏమిటే ఇది?" అన్నాను.

"ఆల్టర్నేటివ్ రాక్ అమ్మా. తెలుగులో ఇలాంటిది ఇంతవరకు రాలేదు."

"దేనికి ఆల్టర్నేటివ్? పాడటానికా?"

మృదుల నా వంక జాలిగా చూసింది. కాలేజీ అంతా అదే వింటోందట. కాఫీ షాపుల్లో, జిమ్ముల్లో, క్యాబుల్లో అదేనట. బ్యాండు పేరు "మూడో టెర్మినల్". బెల్టంటే ఎయిర్‌పోర్టులో సామాను వచ్చే బెల్టట. పాడేవాడు దుర్గేష్ అని బుద్వేల్ కుర్రాడు. వాళ్ళవాళ్ళు మా గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే. డ్రమ్ములు వాయించేదీ, పాటలు రాసేదీ ఇంకో కుర్రాడు. వాడి పేరు విన్నాక స్టవ్ కట్టేసి హాల్లోకి వచ్చాను. నరేందర్. మా ఇంటి ఓనరు కొడుకు.

ఓనరంటే రేణుకమ్మ. నేను చెప్పదలచుకున్నది ఆవిడ గురించే. ఆల్బమ్ గురించి చెప్పేవాళ్ళు ఊళ్ళో వేలమంది ఉన్నారు.

కింది వాటా వాళ్ళది, పై వాటా మాది. రేణుకమ్మ ఎయిర్‌పోర్టులో ఒక కాంట్రాక్టరు కింద హౌస్ కీపింగ్ చేస్తుంది. తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కి వెళ్ళి, చీపురుకర్ర, మాపు, తడి నేల అని రాసిన పసుపు రంగు బోర్డు పట్టుకుని మైళ్ళకొద్దీ నేల తుడిచి సాయంత్రానికి వస్తుంది. భర్త ఐలయ్య కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. ఆవిడ నోరు పెద్దది. మేం ఇల్లు అడగడానికి వచ్చినప్పుడు మేమెవరం, ఏమిటోళ్ళం అని ఒక్క ముక్క అడగలేదు. "నీళ్లు మస్తు పారబోస్తరా?" అని అడిగింది. లేదన్నాం. తాళంచెవి చేతిలో పెట్టింది.

మేం దిగిన రోజు పాలు పొంగించి, కాసిని కిందికి ఇద్దామని వెళ్ళాను. ఆ రోజు సెలవేమో, ఆవిడ ఒక్కతే గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మర్యాద కోసం, మీవారు లేరా అని అడిగాను.

"లేడమ్మా, పోయిండు," అంది తలెత్తకుండా.

"అయ్యో! ఎప్పుడండీ?"

"పొద్దుగాలనే పోయిండు."

పొద్దున మొగుడు పోతే మధ్యాహ్నం చిక్కుడుకాయలు తుంచుతున్న మనిషిని నేనెక్కడా చూడలేదు. పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. దేవుడున్నాడు, ధైర్యంగా ఉండండి అన్నాను. ఆవిడ నన్నూ, నా చేతినీ మార్చి మార్చి చూసింది. సాయంత్రం ఐలయ్య టిఫిన్ డబ్బా ఊపుకుంటూ గేటు తీసుకుని వచ్చాడు. ఆ సంగతి చెప్పుకుని ఆ వీధి నెలరోజులు నవ్వింది.

మా వైపు మనిషి పోయాడంటే ఇక రాడని అర్థం. అందుకే గుమ్మం దాటేవాడు "వెళ్ళొస్తా" అంటాడు. "పోతా" అన్నాడా, పెద్దవాళ్ళు చీవాట్లు పెడతారు. ఇక్కడ అలా కాదు. డ్యూటీకి పోతారు, అంగడికి పోతారు, పెళ్ళికి పోతారు. చచ్చిపోయినా పోయిండనే అంటారు గానీ, అప్పుడు గొంతు వేరు, చుట్టూ చేరే మాటలు వేరు. పుట్టి పెరిగినవాళ్ళు పొరబడరు. నాకు అలవాటు కావడానికి ఏడాది పట్టింది.

ఇక ఆల్బమ్‌లో ఆరో పాట. పేరు "అమ్మ పోయింది".

అమ్మ పోయింది, లైటు బంద్ చెయ్యలే,
గిన్నె మీద మూత ఇంకా ఉడుకుగనే ఉంది…

అంతకు ముందు ఐదు పాటలూ నాకు చిరాకు తెప్పించాయి. ఒకదాంట్లో "సిగ్నల్ లేదు, సిగ్నల్ లేదు" అని పాట పొడుగునా అరుపే. ఇంకోదాంట్లో సగం దాకా ఎవడో దగ్గుతాడు. కానీ ఈ పాట విని ఊరుకున్నాను. ఇది కింది వాటా పాట. తెల్లవారకుండానే బస్సు హారను, హడావిడిగా చెప్పులేసుకునే చప్పుడు, గేటు కిర్రుమనడం, మూత పెట్టిన గిన్నెలో పిల్లవాడికి వేడి వేడి ఉప్మా. డ్రమ్ములు కూడా దబదబ బాదకుండా, ఎవరో పరిగెత్తుకుంటూ దూరమైపోతున్నట్టు మెల్లగా తగ్గాయి. ఆ వారం వంట చేస్తూ నేనే పెట్టుకుని విన్నాను. మృదుల నవ్వుకుంది. నవ్వుకోనీ అనుకున్నాను.

రేణుకమ్మకు నేనే వినిపించాను. కొడుకు పాటలు ఆవిడ అంతకు ముందు రెండు మూడుసార్లు విని వదిలేసిందట. మొదటి పాటకే మొహం చిట్లించింది.

"గీ పిలగానికి జెరమొచ్చినట్టున్నది. దవాఖానకు తోల్కపోవద్దా?" అంది దుర్గేష్ గొంతు విని. సిగ్నల్ పాటకు, "సిగ్నల్ లేకుంటె రీచార్జ్ చేసుకోమను," అంది. దగ్గు పాటకు అల్లం, బెల్లం చెప్పింది. ఆల్బమ్ మీద ఇంతకంటే నిక్కచ్చి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

ఆరో పాట మాత్రం ఆవిడ చివరిదాకా వింది. రెండోసారి పెట్టమంది. పెట్టాను.

"నేను బస్సుకు ఉరుకుతుంటే వీడు పండుకున్నడనే అనుకుంటుంటి," అంది చివరికి. "చప్పుడు కావద్దని చెప్పులు చేతిల పట్టుకొని పోతుంటి. మెలకువతోటే ఉన్నడా, రేవతమ్మా?"

కొంగు కళ్ళకద్దుకుంది. ఆ రోజు ఆవిడ సంతోషం చూసి, ఆ బ్యాండు వాళ్ళ మీద అప్పటిదాకా నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుందామనుకున్నాను. తీసుకోకపోవడం మంచిదైంది.

ఒకరోజు మృదుల కాలేజీ నుంచి మొహం మాడ్చుకుని వచ్చింది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. క్లాసులో అందరూ ఆ పాటకు ఏడుస్తున్నారట. ఎందుకే అంటే, నరేందర్ వాళ్ళమ్మ చచ్చిపోయిందని. ఆవిడ మా ఇంటి ఓనరు, పొద్దున్నే మోటారు వేసిందని ఇది చెబితే ఎవరూ నమ్మలేదట. "నీకు పాట అర్థం కాలేదు" అన్నారట. ఆ పైన ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూ చూపించింది.

యాంకరమ్మ చేతిలో టిష్యూ ఉంది. "అమ్మ పోయింది. కానీ గిన్నె మీద మూత ఇంకా వేడిగానే ఉంది. ఆ వేడి చల్లారకముందే అమ్మ లేదు. ఎలా రాశారండీ అంత బాధని?" అంటూ ముక్కు తుడుచుకుంది. దుర్గేష్ పక్కనున్న నరేందర్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ గాయంలోంచే మా ఆల్బమ్ పుట్టింది," అన్నాడు. నరేందర్ అవునని అనలేదు, కాదని అనలేదు. తల వంచుకున్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. పొద్దున పోయిన ఐలయ్యకి నేను బాధపడ్డట్టే వీళ్ళంతా ఏడుస్తున్నారు. కాకపోతే నా పొరబాటు సాయంత్రానికి తీరింది. వీళ్ళ పొరబాటు మీద ఆల్బమ్ నడుస్తోంది.

దాచితే తర్వాత ఎవరో చెబుతారని నేనే కిందికి పట్టుకెళ్ళాను. రేణుకమ్మ, ఐలయ్య ఇద్దరూ చూశారు.

"నా పాటకు ఆమె ఎందుకు ఏడుస్తున్నది?" అంది రేణుకమ్మ.

చెప్పాను. ముందు ఐలయ్య నవ్వాడు. "మంచిదే తియ్. సచ్చినవన్న కబురు లేస్తే ఆయుష్షు పెరుగుతదంటరు."

రేణుకమ్మా నవ్వింది. కాకి తల మీద తంతే అరిష్టమని, దూరపు చుట్టాలకు చచ్చిపోయారని అబద్ధపు కబురు పంపి ఏడిపించడం మా వైపూ ఉంది, వీళ్ళ వైపూ ఉంది. "గంత మంది ఏడ్చిండ్రంటే నాకిగ వెయ్యేండ్లు ఢోకా లేదు," అంది. అంటూనే వీడియో మళ్ళీ పెట్టమంది. నరేందర్ తల వంచుకున్న చోట ఆపించింది. నవ్వు ఆగిపోయింది.

"కాకి తన్నిన కబురు పంపితే, ఏడ్పు అయినంక నిజం చెప్తరు. అబద్ధం, మనిషి మంచిగనే ఉన్నదని చెప్తరు. వీడు చెప్తలేడేంది?"



నరేందర్ బుద్వేల్‌లో బ్యాండు వాళ్ళతో కలిసి కిరాయికి ఉంటాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. వాడు వచ్చేలోపల ఇంకో ముచ్చట జరిగింది. ఎవరో అభిమాని ఇంటర్‌నెట్‌లో దొరికిన రేణుకమ్మ ఫొటోకు దండ గీసి, పక్కన దీపం పెట్టి, కింద పాటలోని రెండు ముక్కలు రాశాడు. దాన్ని బ్యాండు వాళ్ళ పేజీయే అందరికీ పంచింది. అది చేతులు మారి మారి రేణుకమ్మ పెద్దమ్మ కూతురు స్వరాజ్యం ఫోన్‌లో పడింది. ఆ ముసలామె ఎవరినీ అడగకుండా బస్సెక్కి వచ్చింది. వీధి మొదట్లోనే గుండె బాదుకుంటూ, "ఓ నా చెల్లె, నన్నిడిచి ఎట్ల పోతివే" అని రాగం తీసి, గేటు దాకా వచ్చేసరికి రేణుకమ్మ తీగ మీద బట్టలు ఆరేస్తోంది. స్వరాజ్యం దభీమని కూలబడింది. నీళ్ళు చల్లి లేపాం. లేచాక నవ్వలేదు. "బతికున్న మనిషికి దండేస్తరానె?" అని రేణుకమ్మ మొహం తడిమి చూసింది. ఆమెను బస్సెక్కించి వచ్చాక రేణుకమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

ఎయిర్‌పోర్టులో సంగతి ఆవిడ నాకు తర్వాత చెప్పింది. లోపల ఒక కాఫీ కొట్టులో ఆ పాట పొద్దస్తమానం వేస్తారట. ఆవిడ తుడిచే దారి ఆ కొట్టు ముందునుంచే. ఒక పెద్దింటి పిల్ల కాఫీ పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని వింటూ, అడుగు వెయ్యబోయి తడి నేల మీద జారితే ఈవిడే పట్టుకుందట. "థాంక్స్ ఆంటీ," అని ఆ పిల్ల మళ్ళీ ఏడవడంలో పడిందట. ఎవరి కోసం ఏడుస్తోందో ఆవిడ చేతుల్లోనే నిలబడి.

ఆదివారం నరేందర్ వచ్చాడు. వెంట దుర్గేష్ కూడా. బహుశా ధైర్యానికి తెచ్చుకున్నట్టున్నాడు. రేణుకమ్మ నన్ను పైనుంచి పిలిచింది. "గా పాడేటోని భాష నీకే సమజైతది," అంది.

"నేను పోయిందనే రాసిన అమ్మా," అన్నాడు నరేందర్. "సచ్చిందని యాడ రాసిన? వాళ్లు గట్ల అనుకుంటె నేనేం జేస్త?"

"మల్ల కడమ ముక్క యాడ పోయింది?" అంది ఆవిడ.

అప్పుడు బయటపడింది. వాడు రాసిన పాటకు చివర ఇంకో చరణం ఉంది. వాళ్ళమ్మకు ఫోన్‌లో ఎప్పుడో చదివి వినిపించాడట. "మాపటికి వస్తది, కొంగుల పుట్నాలు తెస్తది" అని. పొద్దున పోయిన తల్లి సాయంత్రం రావడం. అది ఉండి ఉంటే ఎవరికీ ఏ అనుమానం వచ్చేది కాదు. ఆల్బమ్‌లో అది లేదు.

"అది నేనే తీసేయించానండీ," అన్నాడు దుర్గేష్ నాతో, మన ఊరివాళ్ళం కదా అన్నట్టు. చదువుకున్న కుర్రాడు, నెమ్మదైన మాట, చెప్పుతో కొట్టాలనిపించేంత నెమ్మది. "ఆవిడ తిరిగొచ్చేస్తే పాటలో టెన్షన్ పోతుందండీ. ఆ ఖాళీ అలాగే ఉండాలి. అయినా పాట ఒకసారి బయటికొచ్చాక అది మాది కాదు, వినేవాళ్ళది. వాళ్ళకి ఎలా తోస్తే అలా."

"ఏమంటున్నడు?" అంది రేణుకమ్మ.

"మీరు సాయంత్రం ఇంటికి వస్తే పాట బాగుండదంటున్నాడు," అన్నాను.

రేణుకమ్మ దుర్గేష్‌కి ఎదురుగా వచ్చి నిలబడింది. "పాట ఎవలదన్న గానీ బిడ్డా, పానమైతె నాది," అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నీ పాట ఆపమంటలేను. పైసలడుగుతలేను. గీ పిలగాడు నన్ను సంపుకున్నా పర్వాలే, నాకేం బంధువా? నువ్వు నా కడుపుల పుట్టినవ్. ఒక్కపారి, గంత మంది ముంగట, మైకుల, 'మా అమ్మ ఉన్నది' అని చెప్పు. గంతే. ఇగ నాకు నీతోటి లడాయి లేదు."

"చెప్తనే, జర ఆగు," అన్నాడు వాడు. "తుక్కుగూడల షో ఉన్నది. ఆరో పాటకు ముందుగాల చెప్త. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెందుకురా? నేను సచ్చిన గద," అంది.

అయినా నమ్మింది. కన్నతల్లి నమ్మక ఏం చేస్తుంది? తుక్కుగూడ షోకి పట్టుచీర కట్టింది, తలలో కనకాంబరాలు పెట్టింది. ఐలయ్యకు డ్యూటీ. నేను, మృదుల, ఆవిడ క్యాబులో వెళ్ళాం. ఇంతకాలం వాళ్ళను తిట్టుకుంటూ వచ్చిన నేను ఆ సాయంత్రం మాత్రం పిల్లల కంటే ఆత్రంగా స్టేజీకి దగ్గరగా, కర్రలు కట్టిన చోట నిలబడ్డాను.

మైదానం నిండా కుర్రకారే. స్టేజీ మీద పొగ వదిలితే, "దోమల మందా?" అని రేణుకమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. విమానం గోల వేశారు. పైనుంచి నిజం విమానం ఒకటి పోయేసరికి ఏది పాటో ఏది కాదో వాళ్ళకే తెలియలేదు. సిగ్నల్ పాటకు అందరూ ఎగిరారు. చుట్టూ ఉన్న పిల్లల మొహాలు చూస్తే అబద్ధం ఆడటం లేదు, నిజంగానే ఆనందిస్తున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. డ్రమ్ముల వెనక నరేందర్ చెమటతో మెరుస్తున్నాడు. బాగా వాయించాడు. బాగా వాయించాడని ఒప్పుకోవలసి రావడం నాకింకా మంటగా ఉంది.

వాడు మమ్మల్ని చూశాడు. రేణుకమ్మ చెయ్యి ఊపింది. వాడు పుల్ల ఎత్తి చూపించాడు. వాడి పక్కన వాడి కోసం పెట్టిన మైకు ఉంది. నేను కళ్ళారా చూశాను.

ఐదో పాట అయిపోయింది. లైట్లు తగ్గించారు. రేణుకమ్మ నా మణికట్టు పట్టుకుంది. దుర్గేష్ ముందుకు వచ్చాడు.

"ఇప్పుడు పాడబోయే పాట," అని ఆగాడు. వాడికి ఆగడం బాగా వచ్చు. "మన మధ్య లేని ఒక అమ్మ కోసం. మీ ఫోన్లన్నీ పైకెత్తండి. ఆవిడ ఎక్కడున్నా ఆవిడకి కనపడాలి."

ఫోన్లు లేచాయి. మైదానమంతా దీపాలే. నేను దుర్గేష్‌ని చూడలేదు, నరేందర్నే చూస్తున్నాను. వాడు మైకు వైపు చూశాడు. వాళ్ళమ్మ వైపు చూశాడు. తల వంచుకుని, రెండు పుల్లలు ఒకదానికొకటి కొట్టి లెక్క ఇచ్చాడు. పాట మొదలైంది.

మా పక్కనున్న ఒక అమ్మాయి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. మంచి పిల్లలా ఉంది. రేణుకమ్మ చేతులు ఖాళీగా ఉండటం చూసి, "ఆంటీ, మీరూ ఫోన్ ఎత్తండి. ఆవిడ కోసం," అంది.

"ఎవలి కోసం బిడ్డా?"

"ఆ డ్రమ్స్ అన్న వాళ్ళమ్మ కోసం. చిన్నప్పుడే చనిపోయిందట."

"పాపం," అంది రేణుకమ్మ.

నేను అరవబోయాను. మృదుల అప్పటికే అరుస్తోంది, "ఆవిడ ఇక్కడే ఉంది!" అని, స్పీకర్ల హోరులో దాని నోరు కదలడం తప్ప ఏమీ వినపడలేదు. రేణుకమ్మ ఇద్దరినీ ఆపింది. "పోదాం పాండ్రి," అంది. దారి పొడుగునా మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. కోపం వచ్చినప్పుడు నోరు చేసుకునే మనిషి నోరు కట్టేసుకుంటే భయం వేస్తుంది. నేను మాత్రం ఊరుకోలేదు, క్యాబులో కూర్చుని వాడినీ, వాడి స్నేహితుణ్ణీ, ఆ గిటార్లనీ, ఆ పొగనీ నోటికొచ్చినట్టు తిట్టాను. డ్రైవరు ఆ పాటే పెట్టబోతే అతణ్ణీ తిట్టాను.

మర్నాడు పొద్దున్నే బండి చప్పుడైంది. నేను మెట్ల మీదికి వచ్చాను. నరేందర్ బండి దిగుతున్నాడు. చేతిలో నిన్న ఎవరో ఇచ్చిన పెద్ద పూలగుత్తి ఉంది, అమ్మకిద్దామని కాబోలు. గేటు లోపల, గోడ పక్కన రేణుకమ్మ నిలబడి ఉంది. గేటు బయట రెండు బక్కెట్ల నీళ్ళు, ఒక చెంబు.

"ఆగు. గాడనే ఆగు," అంది.

"ఏందమ్మా?"

"చావుకు పోయొచ్చినోడు తానం చెయ్యకుంట ఇంట్లకు రావద్దు. ఎరుక లేదా నీకు?"

చావింటికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా సరే, గుమ్మం బయట నెత్తిన నీళ్ళు పోసుకుని గానీ లోపలికి రారు. ఇక్కడా అంతే, మా వైపూ అంతే. నరేందర్‌కి తెలియక కాదు. నవ్వబోయాడు.

"ఎవలి చావు?"

"నాది. నిన్న తుక్కుగూడల చేసిండ్రు గద. దీపాలు గూడ పెట్టిండ్రు. నువ్వే వాయించినవ్."

వాడి చేతిలో పూలగుత్తి కిందికి జారింది. "చెప్దామనే ఉంటి అమ్మా. దుర్గేష్ గాడు జర ఆగుమన్నడు. పాట ఇంక నడుస్తున్నది, గిప్పుడు చెప్తే అందరు ఫేక్ అంటరని…"

"పాట నడుస్తున్నది. నేను నడుస్తలేనా? రోజూ నీ పాట కిందనే నడుస్తున్న, మాపు కట్టె పట్టుకొని." గొంతు మొదటిసారి లేచింది. "పోసుకో."

"అమ్మా, అందరు సూస్తున్నరు."

"సూడనియ్యి. నిన్న సూసిన దానికంటె ఎక్కువ మందా?"

నిజంగానే చూస్తున్నారు. ఎదురింటి వాళ్ళు బ్రష్షులు నోట్లో పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చారు. నేనూ మెట్లు దిగి నిలబడ్డాను, చూడకూడదని తెలిసీ. వాడు ఒక్కసారి నా వైపు చూశాడు, ఏమైనా చెబుతానేమోనని. నేను బక్కెట్టు వైపు చూపించాను. చెంబు ముంచుకుని నెత్తిన పోసుకున్నాడు. ఇంకోటి పోసుకున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

అప్పుడే వీధి చివరి పెంటయ్య పాలప్యాకెట్టు పట్టుకుని వస్తున్నాడు. పెద్దాయన. బట్టలతో వీధిలో నీళ్ళు పోసుకుంటున్నవాణ్ణి చూస్తే ఎవరైనా అడిగేదే ఆయనా అడిగాడు.

"ఏంరా నరేందరూ, ఎవలు పోయిండ్రు?"

నరేందర్ తల్లి వైపు చూశాడు. గోడ చాటున ఉన్న రేణుకమ్మ పెంటయ్యకు కనపడదు. ఆవిడ కొడుకు కళ్ళలోకి చూస్తూ నిలబడింది.

"ఎవలు పోలే పెద్దబాపు," అన్నాడు వాడు మెల్లగా. "మా అమ్మ ఉన్నది."

పెంటయ్యకు చెవుడు. చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆఁ? ఎవలు?"

"గట్టిగ చెప్పు," అంది రేణుకమ్మ.

"మా అమ్మ ఉన్నది!"

"అమ్మనా?" పెంటయ్య చేతిలోంచి పాలప్యాకెట్టు జారింది. "అయ్యో కొడుకా! రేణుకమ్మనా? ఎప్పుడు పోయిందిరా?"

"పోలే!" నరేందర్ అరిచాడు. అంత పెద్ద గొంతు వాడికి ఉందని స్టేజీ మీద వాణ్ణి చూసినవాళ్ళెవరికీ తెలియదు. "పోలే పెద్దబాపు! మా అమ్మ పోలే! ఉన్నది, సచ్చిపోలే, మంచిగనే ఉన్నది!" గొంతు పగిలి ఏడుపులోకి దిగింది. గేటు రెక్క లాగి తీశాడు, ఆయనకు చూపించడానికి. "ఇగో! ఇగో సూడు, ఈడనే ఉన్నది!"

వీధి మొత్తం విన్నది. పెంటయ్య రేణుకమ్మను చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నరేందర్ తడి బట్టలతో, ముక్కు కారుతూ, గడప వైపు ఒక అడుగు వేశాడు.

రేణుకమ్మ దారి ఇవ్వలేదు. గేటు బయటికి కాలు చాపి రెండో బక్కెట్టు వాడి ముందుకు తోసింది.

"తానం కాలే ఇంక," అంది. "పోసుకో."